నాలుగో మాట హెప్సిబాది

మా సంఘంల మూడో మాట నాది. ఎవరిచ్చిన్రని అడగకున్రి, ఎన్నో ఏండ్ల సంది నాదే. తెల్వనోళ్ళకు చెప్త, ఇనున్రి. గుడ్ ఫ్రైడే నాడు పగటీలి పన్నెండు గొట్టంగ చర్చిల కూసుంటం, మూడు గొట్టేదాంక లేవం. యేసయ్య సిలువ మీద ఏడు మాటలు పలికిండు. ఒక్కో మాటను ఒక్కో మనిషి లేచి వివరిస్తరు. మనిషికి పదిహేను నిమిషాలు. అండ్ల మూడోది తల్లి గురించి, తల్లిని శిష్యునికి అప్పజెప్పిన మాట. తల్లి మాట కాబట్టి ఆడామెకు ఇయ్యాలె అని మా పెద్దలు ఎన్నడో అనుకున్నరు. మిగిలిన ఆరు మొగోళ్ళకు. దాహం గురించి, క్షమాపణ గురించి, సావు గురించి ఆడోళ్ళు ఏం చెప్తరు పాపం. రైల్వే దవాఖానల నర్సుగ చేసి రిటైరైన దాన్ని నేను. దాహమంటే ఏందో, సావంటే ఏందో ఈ పెద్దలందరి కన్న ఎక్కువ సూసిన. అయినా నాకు మూడో మాటనే.

నా పేరు కమలకుమారి, నాచారంల ఉంట, మా చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీని. నోరు జర గట్టిది, అందరికి తెలుసు. గాని ఇది నా ముచ్చట కాదు, హెప్సిబా ముచ్చట.

హెప్సిబా మా సారమ్మ బిడ్డ. సారమ్మ, ఆమె మొగడు జనగామ దిక్కు ఊరి నుంచి బతకనీకి వచ్చిన్రు. ఆయన ఫ్యాక్టరీల హెల్పరు, ఈమె మా చర్చి ఊడ్సేది. గట్లనే బిడ్డను చదివిచ్చిన్రు. హెప్సిబా అంటే దేవునికి ఇష్టమైనదని అర్థమట, సారమ్మ కనబడ్డోళ్ళందరికి చెప్పుకునేది. పిల్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి నాచారంలనే ఒక మందుల కంపెనీల చేరింది. క్వాలిటీ డిపార్ట్‌మెంటు. తయారైన మందు సరిగ్గ ఉన్నదా లేదా సూసి సంతకం పెట్టుడు ఆమె పని. ఆమె సంతకం లేంది ఒక్క గోలి గేటు దాటదు. ఇప్పుడు నలభై దాటినయి. అమ్మ నాయన ఇద్దరు పోయిన్రు. బోడుప్పల్‌ల సొంత ఫ్లాటు ఉన్నది, స్కూటీ ఉన్నది. డిసెంబరు వస్తే బాల్కనీల స్టూలేసుకోని క్రిస్మస్ నక్షత్రం తనే కట్టుకుంటది. కింద నిలబడి స్టూలు పట్టేటోళ్ళు లేరు.

పెండ్లి ఎందుకు కాలేదని అడుగుతరు మీరు. అందరు అడుగుతరు. సంబంధాలు రాక కాదు. ఒకాయన నేను దేవుని సేవకు పోత, నువ్వు ఉద్యోగం మానేసి నా పక్కన నిలబడాలె అన్నడు. ఇంకొకాయన ఉద్యోగం చెయ్యి గాని ప్రమోషన్లు తీసుకోకు, నాకన్న పెద్దదానివైతే ఇంట్ల శాంతి సమాధానం ఉండదన్నడు. ఈమె ఇద్దరికి వద్దన్నది. ఇగ అటెన్క సంబంధాలు తక్కువైనయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనల మేము ఏండ్లకేండ్లు ఆమె పెండ్లి కోసం ప్రార్థన చేసినం. పేరు పెట్టి, ఆమె ఆడనే తల మీద చున్నీ కప్పుకోని కూసోని ఉండంగనే. ఒక ఏడు ఎవరో సప్పుడు చెయ్యకుంట ఆ అంశం ఇడిసిపెట్టిన్రు. ఆమె కనిపెట్టింది. నా కేసు క్లోజ్ చేసినట్టున్నరు ఆంటీ అని నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఆఫీసుల ఇంకో తీరు. చేరిననాడే ఆదివారం రానని చెప్పింది. ఆదివారం ఫోను ఎత్తది. మిగిలిన ఆరు దినాలు అందరి కన్న ముందు వచ్చి అందరి కన్న ఎనుక పోతది. అయినా పై కుర్చీ ఖాళీ అయినప్పుడల్ల ఆదివారం దొరకని మనిషి అని పక్కకు పెట్టిన్రు. దసరాకు మిషన్లకు పూజ చేస్తే ఎనుక నిలబడతది, ప్రసాదం చేతుల పట్టుకుంటది, తినకుంట పక్కామెకు ఇస్తది. వాళ్ళు మంచోళ్ళే, ఏమనరు. మెల్లమెల్లగ పిలుసుడు మరిసిపోయిన్రు, అంతే. మేము తక్కువ తిన్నమా? స్త్రీల సమాజం పిక్నిక్కు పెట్టుకుంటే ఆమెకు యాడ టైముంటది అని చెప్పనే చెప్పకపోదుము. చర్చిల ఆఫీసరమ్మ, ఆఫీసుల చర్చమ్మ. రెండు తావుల కుర్చీ ఉన్నది, పక్కన మనిషే లేదు.

చర్చిల ఆమె జాగ ఆడోళ్ళ దిక్కు ఎనుక వరుసల, గోడ పక్కన. పక్క కుర్చీల హ్యాండుబ్యాగు పెడ్తది. పెద్ద ఉద్యోగం గదా, మనుషులు తగలొద్దని పెట్టుకుంటదేమో అని అనుకునేటోళ్ళు. ఆ బ్యాగు తీపిచ్చి కూసున్నోళ్ళను నేను సూడలే.

ఈ ఏడు భస్మ బుధవారం నాడు, అంటే గుడ్ ఫ్రైడేకు నెలన్నర ముందు, మా కొత్త పాస్టరు బ్లెస్సన్ అయ్యగారు ఏడు మాటలు పంచిండు. నాలుగో మాట హెప్సిబా సోదరికి అన్నడు. ఏడింటిల బరువైనది అది. దేవా, నన్నెందుకు ఇడిసిపెట్టినవ్ అని యేసయ్య అడిగిన మాట. దానికి పై నుంచి జవాబు రాలే. ఇన్నేండ్లు దాన్ని సంఘ పెద్ద జోసఫ్ గారు చెప్పేటోడు, ఏడ్సుకుంట, ఏడిపిచ్చుకుంట. ఆయనకు ఈసారి రెండోదిచ్చిన్రు. ఆయన మొఖం సూడాలె మీరు.

నాకు గూడ మండింది, దాపెట్టుడెందుకు. మూడోది తప్ప ఇంకోటి ఇయ్యున్రి అని నేను ఎన్నిసార్లు అడిగితినో. రెండు దినాలు మూతి ముడుసుకోని కూసున్న. గంతల్నే ఆమె మా ఇంటికొచ్చింది, హబ్సిగూడల కొన్న ద్రాక్షపండ్లు పట్టుకోని. ఎట్ల మాట్లాడాల్నో నేర్పు ఆంటీ అన్నది. ఆ పండ్లు కడిగేటాళ్ళకు నా మంట చల్లారింది.

ఆ నెలన్నర శ్రమకాలమంత పొద్దుగూకినంక డ్యూటీ నుంచి సీదా మా ఇంటికొచ్చి, ముందటి అర్రల నిలబడి చెప్పేది. ఫ్యాక్టరీ మీటింగులల్ల దడదడ మాట్లాడే మనిషి, నా ఒక్కదాని ముందట గొంతు వణికేది. ఎందుకే గంత భయం అంటే, ఆడ మందు గురించి చెప్త ఆంటీ, ఈడ నా గురించి చెప్పాలె అన్నది. ఆఖరు ముక్క మాత్రం ఇనిపియ్యలే. అది ఆ రోజే చెప్తదట, ముందుగాల చెప్తే మళ్ళ ధైర్యం రాదట. ఎందుకంత పట్టుదల అని అడిగిన.

"ఇన్నేండ్లు అందరు నా గురించి ప్రార్థన చేసిన్రు ఆంటీ. నన్నొక్కసారి మాట్లాడనియ్యలే. ఆ పదిహేను నిమిషాలు నాకు కావాలె" అన్నది.

గంత గట్టిగ ఆమె ఏదన్న కావాలనుడు నేను ఎన్నడు ఇనలే. పెండ్లి గూడ గట్ల అడగలే.

గప్పుడే ఆఫీసుల ఇంకొకటి మోపైంది. వాళ్ళ హెడ్డు విశ్వనాథం గారు రిటైరైతున్నడు. బెజవాడ దిక్కు మనిషి, మర్యాదస్తుడు. ఆ కుర్చీకి ఇద్దరున్నరు. ఒకరు హెప్సిబా, ఇంకొకరు ఆమె చేతి కింద పని నేర్సుకున్న హృషికేశ్. మందులు కొనే విదేశపోళ్ళు తనిఖీకి వస్తున్నరు, ఆఖరు దినం వాళ్ళ ముందట కూసోని జవాబు చెప్పినోళ్ళకే కుర్చీ అని పెద్దాయన ఇద్దరికి చెప్పిండు. కుర్చీ ఎక్కినంక ఆదివారాలు గూడ దొరకాలె అని అది గూడ చెప్పిండు. ఆ ఆఖరు దినం ఏదో తెలుసా? గుడ్ ఫ్రైడే.

హెప్సిబా ఆయన దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన మంచోడే, ఆలోచన చేసిండు. ఆఖరు మీటింగు నాలుగు గంటలకు. చర్చి, ఫ్యాక్టరీ రెండు నాచారంలనే. పన్నెండుకు వెళ్ళి, మీ మాట చెప్పుకుని, తాపీగా వచ్చెయ్యండమ్మా అన్నడు. ఇంటికొచ్చి నాకు చెప్తే నేను గూడ లెక్కగట్టి సరిపోతది ఫికర్ చెయ్యకు అన్న. మా ఇద్దరికి ఒక్క సంగతి యాదికి రాలే. జోసఫ్ గారు.

గుడ్ ఫ్రైడే నాడు మేము తెల్ల బట్టలు కడతం, మూడు దాంక పచ్చి నీళ్ళు ముట్టం. ఈమె పొద్దుగాలనే తెల్ల చీర కట్టుకోని డ్యూటీకి పోయింది. గేటు కాడి సెక్యూరిటాయన దగ్గరికొచ్చి ఎవరన్న పోయిన్రా మేడం అని మెల్లగ అడిగిండట. ఈమె అవునన్నదట. లోపలికి పోతే భాగ్యశ్రీ అని ఆమె కింద చేసే పిల్ల, హ్యాపీ గుడ్ ఫ్రైడే మేడం అని చాక్లెట్ చేతిల పెట్టింది. పాపం ఆ పిల్లకేం తెలుసు, పండుగంటే పండుగే అనుకున్నది. థాంక్యూ అని బ్యాగుల ఏసుకున్నదట. ఇంకేమంటది?

పన్నెండుకు ముందే వచ్చి తన జాగల కూసున్నది. బ్యాగు పక్క కుర్చీల పెట్టింది. మొదటి మాట మంచిగ అయిపోయింది. రెండోది జోసఫ్ గారిది. తన చేతికెల్లి పోయిన నాలుగో మాటంత రెండో మాటల తీర్సుకున్నడు ఆ మహానుభావుడు. యేసయ్య పక్క సిలువ మీది దొంగతోని మొదలుపెట్టి, చిన్నప్పుడు అంబర్‌పేట్ మార్కెట్ల తన జేబు కొట్టిన దొంగ కాడికి వచ్చిండు. ఆడికెల్లి కదలడు. అయ్యగారు టైమైందని గంట కొట్టిండు. జోసఫ్ గారు కండ్లు మూసుకోని గొంతు ఇంక పెంచిండు. గుడ్ ఫ్రైడే నాడు నిలబడ్డ పెద్దమనిషిని కూసో అననీకి మా దగ్గర ఎవరికి నోరు రాదు, అదొక మర్యాద. నా అసుంటి దానికే రాలే. ఆయన దిగేసరికి ఇద్దరి టైము అయిపోయింది. మళ్ళ పాట. ఆ పాట గూడ అన్ని చరణాలు పాడిన్రు.

నేను ముందు వరుసల కూసోని ఎనుకకు తిరిగి తిరిగి సూస్తున్న. హెప్సిబా ఫోను తీసి సూసింది, మళ్ళ బ్యాగుల పెట్టింది, మళ్ళ తీసింది. ఏమైందో తర్వాత చెప్పింది. విదేశపోళ్ళ ఫ్లైటు ముందుకు జరిగిందట, మీటింగు ఇప్పుడే అన్నరట. విశ్వనాథం గారు మెసేజ్ పెట్టిండు. మీరు రాకపోతే హృషికేశ్‌ని కూర్చోబెట్టాల్సి వస్తుందమ్మా, నా చేతుల్లో లేదు అని.

నన్ను పిలిసిన్రు. మైకు కాడికి పోయిన. ఇన్నేండ్ల సంది దాసుకున్న మూడో మాటంత పక్కకు పెట్టి, రెండు ముక్కలల్ల ముగిచ్చి ఆమెను పిలుద్దమనుకున్న. యేసయ్య తల్లిని ఒంటరిగ ఇడిసిపెట్టలే, మనిషికి అప్పజెప్పిండు, మనం గూడ ఒకల్నొకలం అప్పజెప్పుకోవాలె అని అంటున్న. అంటుంటెనే ఆమె లేచింది. బ్యాగు తీసుకున్నది. నా దిక్కు సూసింది. తల వంచుకోని ఎనుక తలుపుల నుంచి పోయింది. స్కూటీ సప్పుడు మైకులకు గూడ ఇనబడ్డది. ఆమె కోసమని తక్కువ చేసిన మాట ఆమెకు అందలే.

కుర్చీ కోసం పోయిందన్నరు సంఘంల. కుర్చీ కోసమే పోయింది. ఏం, తప్పా? ఎమ్మెస్సీ చదివి, ఇరవై ఏండ్లు గొడ్డు చాకిరి చేసి, ఇంకొకడు పైకెక్కుతుంటె రెండుసార్లు సప్పట్లు కొట్టింది. మూడోసారి గూడ కొట్టాల్నా? మీ కొడుకైతే పొమ్మనకపోదురా? గాని పోయేటప్పుడు ఆమె మొఖం నేను సూసిన. గెలిసేదానికి పోయే మనిషి మొఖం కాదది.

అయ్యగారికి సంగతి తెల్వది. నాలుగో మాట, సోదరి హెప్సిబా అని పిలిసిండు. అందరి తలకాయలు గోడ పక్క కుర్చీ దిక్కు తిరిగినయి. జోసఫ్ గారు అంగీ సదురుకోని లేచిండు, నేను సిద్ధంగనే ఉన్న అయ్యగారు అన్నడు. నేనింక మైకు కాడనే ఉన్న, దిగలే.

"ఇది ఆ పిల్లది. ఆమె లేకుంటే ఎవ్వరిది కాదు. ఆమె టైము ఆమెకు ఉండనియ్యున్రి" అన్న.

అట్లెట్ల ఖాళీగ ఇడిసిపెడతరు, ఏడు మాటలు ఏడు చెప్పాలె గదా అని ఆయన అన్నడు. తప్పు గాదు, పద్ధతి అదే. నాకు మాత్రం నరాలు తెగినయి.

"ఆ మాటకు దేవుడే జవాబియ్యలే జోసఫ్ గారు. జర మీరు గూడ ఊకోన్రి."

బ్లెస్సన్ అయ్యగారు నా దిక్కు సూసిండు, కుర్చీ దిక్కు సూసిండు, తల వంచుకోని కూసున్నడు. ఇగ అందరు కూసున్నరు. పదిహేను నిమిషాలు ఎవరు నోరు తెరువలే. ఫ్యాన్లు తిరుగుతున్నయి. ఎవరి పిల్లనో నీళ్ళడిగి, అమ్మ తొడ మీద తడితే ఊకున్నది. మొదట్ల జనం ఎనుకకు తిరిగి ఖాళీ కుర్చీలను సూసిన్రు, రెండు కుర్చీలు. జర సేపటికి ఎవరు తిరుగుడు బంద్ చేసిన్రు. ఎవరి ఒడిలకు వాళ్ళు సూసుకుంట కూసున్నరు. తర్వాత గంట కొట్టింది, ఐదో మాట మొదలైంది.

ఆడ ఏమైందో ఆమె చెప్పంగ ఇన్న. తెల్ల చీర మీద తెల్ల కోటు ఏసుకోని విదేశపోళ్ళ ముందట కూసున్నదట. అడిగిన ప్రతి దానికి జవాబు చెప్పిందట, తడుముకోలేదట. అయిపోయేసరికి మూడు దాటింది. విశ్వనాథం గారు అందరి ముందట కుర్చీ మీదేనమ్మా అన్నడు. కేకు తెచ్చిన్రు, భాగ్యశ్రీ నోట్ల పెట్టింది, డబుల్ హ్యాపీ మేడం అన్నది. మాకు మూడయినంక చర్చిల మజ్జిగ ఇస్తరు, ఉపవాసం దాంతోనే ఇడుస్తం. సారమ్మ పోయిన కాడి నుంచి ఆమెకు ఆ గ్లాసు నేనే ఇస్తుంటి. ఆ రోజు గూడ పోసి పెట్టిన. మర్లెప్పుడో చెట్లల్ల పారబోసిన.

ఈస్టరు నాడు పొద్దు పొడవక ముందే మేము సమాధుల తోటకు పోతం. ఉప్పల్ అవతల ఉన్నది మాది. పోయినోళ్ళ సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టిచ్చి, పునరుత్థానం పాటలు పాడతం. హెప్సిబా వస్తదో రాదో అనుకున్న. అప్పటికే వచ్చింది. సారమ్మ సమాధి కడిగి, బంతిపూలు సదురుతున్నది. జోసఫ్ గారు పోయేటాయన పోకుంట, ఆఫీసరమ్మకు టైము దొరికినట్టున్నది అన్నడు. ఇంకిద్దరు కంగ్రాట్స్ అని చెయ్యిచ్చి జరిగిపోయిన్రు. అందరు వాళ్ళ వాళ్ళ సమాధుల కాడ గుంపులు గుంపులుగ ఉన్నరు. ఈమె ఒక్కతే ఉన్నది. నేను పోయి సమాధి గట్టు మీద కూసున్న.

ఆమె పూలు సదురుకుంటనే ఉన్నది. తర్వాత అడిగింది.

"నాలుగో మాట ఎవరు చెప్పిన్రు ఆంటీ?"

"ఎవ్వరు చెప్పలే. నీ కుర్చీ దిక్కు సూసుకుంట కూసున్నం."

"ఎంతసేపు?"

"నీ టైము ఎంతుండెనో గంత సేపు."

ఆమె చేతిలున్న పూలు కింద పెట్టింది. అమ్మ పోయిననాడు గూడ నిలబడి అందరికి మంచినీళ్ళిచ్చిన పిల్ల, ఎక్కెక్కి ఏడ్సింది. నేను ఊకో అనలే. ఏడ్వనిచ్చిన. ఊకున్నంక, ఆఖరు ముక్క ఒకటి దాసుకున్నవు గదా, గిప్పుడు చెప్పు అన్న. ఈడనా అన్నది. ఈడనే, మీ అమ్మ ఇంటది అన్న.

లేచి నిలబడ్డది. తల మీద చున్నీ కప్పుకున్నది.

"ఇరవై ఏండ్ల సంది ఆ గోడ పక్కన కూసుంటున్న. పక్క కుర్చీల బ్యాగు పెడ్త. ఎవరన్న వచ్చి తియ్యమంటరేమోనని సూస్త. ఎవ్వరు అడగకుంటే, దేవుడు కూసున్నడులే అనుకుంట. ఒక్కో ఆదివారం ఆయన గూడ లేడు ఆంటీ. అయినా మళ్ళ వారం వస్త." చున్నీ సదురుకున్నది. "గదే. అయిపోయింది."

నేను ఆమెన్ అన్న. కొవ్వొత్తి గాలికి ఆరిపోతే మళ్ళ ముట్టిచ్చినం, ఇద్దరం స్కూటీ మీద ఇంటికొచ్చినం.

పై ఆదివారం నేను ముందు వరుసల నా జాగ ఇడిసిపెట్టి ఎనుకకు పోయిన. స్త్రీల సమాజం సెక్రటరీ ఎనుక కూసునుడేందని అందరు సూసిన్రు. సూడనియ్యున్రి. ఆమె బ్యాగు పెట్టే కుర్చీల కూసున్న. ఆరాధన మొదలైంది, ఆమె రాలే. ఫోను సూస్తే మెసేజ్ ఉన్నది, కొత్త డ్యూటీ ఆంటీ, ఈ వారం రాలేను అని. కుర్చీ ఇచ్చినోళ్ళు ఆదివారం గుంజుకున్నరు. మస్తు కోపమొచ్చింది, ఎవరి మీదనో చెప్పలేను. ఇన్నేండ్లు ఆమె కూసున్నప్పుడు నేను రాలే, నేను కూసున్ననాడు ఆమె లేదు.

నా బ్యాగు తీసి ఆమె కుర్చీల పెట్టిన. పాట నడుమ ఒక కొత్తామె వచ్చింది, బ్యాగు దిక్కు సూసి, ఈడ ఎవరన్న ఉన్నరా అమ్మా అని అడిగింది.

ఉన్నరు, వస్తరు అన్న.